వెన్నుపాము దెబ్బతిన్నవారికి మాటిమాటికి వచ్చు మూత్రదోషము: ఇంటివారు తెలిసికొనవలసిన విషయములు

గూడూరులోని నా వైద్యశాలకు వాకాడు, కోట, చిల్లకూరు, సైదాపురము, వెంకటగిరి ప్రాంతముల నుండి వచ్చు రోగులలో, వెన్నుపాము దెబ్బతిని నడుము క్రింది భాగము చచ్చుబడినవారు అప్పుడప్పుడు ఉందురు. తాటిచెట్టు మీదినుండి జారిపడినవారు, కట్టుచున్న మేడమీదినుండి పడినవారు, చెన్నై - కోల్‌కతా రహదారిపై మోటారు సైకిలు ప్రమాదమునకు గురియైనవారు, వీరిలో ఎక్కువమంది నడివయస్సు రానివారే. వారిని వెంటబెట్టుకొని వచ్చు తల్లి గాని, భార్య గాని నన్నడుగు ప్రశ్న ఇంచుమించు ఒక్కటే. "కాళ్ళ సంగతి దేవుడెరుగు అయ్యా, మూత్రంలో చీము మాత్రం నెలనెలా వస్తానే ఉంది. ఇంగ్లీషు మందు వాడినన్నాళ్ళు తగ్గుతుంది, ఆపితే మళ్ళీ మొదలు. మీ దగ్గర మంచి మూలిక ఏదన్నా ఉందా?"

మూలికలు లేకపోలేదు. వాని సంగతి ఈ వ్యాసములోనే ముందు చెప్పెదను. కాని ఈ వ్యాధికి మొదటి ఔషధము మూలిక కాదు, గడియారము. మూత్రాశయమును వేళకు, పూర్తిగా, పరిశుభ్రముగా ఖాళీ చేయుటయే అసలు చికిత్స. తక్కిన మందులన్నియు, అవి మా వైద్యమువైనను, అల్లోపతివైనను, దాని తరువాతివే. ఈ ఒక్క విషయము ఇంటిల్లిపాదికి అర్థమైనచో రోగి మూత్రపిండములు నిలుచును. మూత్రపిండములు నిలిచినచో మనిషి నిలుచును.

మూత్రాశయము పనిచేయు విధము

మూత్రపిండములలో తయారైన మూత్రము రెండు సన్నని నాళముల ద్వారా చుక్కచుక్కగా దిగి, పొత్తికడుపులోని మూత్రాశయమున చేరును. మన శాస్త్రమున దీనినే వస్తి అందురు. పెద్దవారి మూత్రాశయము సుమారు 400 మొదలు 500 మిల్లీలీటర్ల వరకు సుఖముగా పట్టును. అది నిండుచుండగా ఆ వార్త వెన్నుపాము మీదుగా మెదడునకు చేరును. మనము తగిన చోటు చూచుకొని కూర్చున్న తరువాత మెదడు ఆజ్ఞ ఇచ్చును. అప్పుడు రెండు పనులు ఒక్కసారిగా జరుగును. మూత్రాశయపు గోడ ముడుచుకొనును. దాని ద్వారమున ఉన్న కండరము వదులగును. ఈ రెండింటి పొందికకు వెన్నుపామే తీగ.

ఆ తీగ తెగినప్పుడు, లేక నలిగినప్పుడు, వార్త పైకి పోదు, ఆజ్ఞ క్రిందికి రాదు. దెబ్బ తగిలిన తొలివారములలో మూత్రాశయము కదలిక లేక సంచివలె పడి ఉండును. తరువాతి స్థితి దెబ్బ తగిలిన చోటును బట్టి మారును. వెన్నుపాము చివరిభాగమునకు దెబ్బ తగిలినవారిలో అది సాధారణముగా వదులుగానే ఉండిపోయి, నిండి పొర్లి, బొట్లుబొట్లుగా కారును. అంతకన్న పైభాగమున దెబ్బ తగిలినవారిలో మూత్రాశయము మన ఆజ్ఞతో నిమిత్తము లేక తనంతట తానే ముడుచుకొనును. కాని అదే సమయమున ద్వారమును కూడ బిగించుకొనును. కుళాయి కట్టివేసి పంపు నడిపినట్లగును. లోపలి ఒత్తిడి హెచ్చి మూత్రము వెనుకకు, మూత్రపిండముల వైపు తన్నును. ఏండ్ల తరబడి ఇట్లు జరిగినచో ఏ నొప్పియు తెలియకుండగనే మూత్రపిండములు చెడిపోవును.

ఈ రెండు స్థితులలోను ఫలితమొక్కటే. మూత్రము కొంత బయటికి పోయినను, కొంత లోపలనే మిగిలిపోవును. చాపలు తడియుచున్నవి గనుక మూత్రము వచ్చుచున్నదని ఇంటివారు సంతృప్తి పడుదురు. అది వచ్చుట కాదు, పొర్లుట. నిండిన బిందె అంచు మీదుగా నీరు కారినంత మాత్రమున బిందె ఖాళీ అయినదని అనము గదా.

తోడుపెట్టిన పాలు

ఇన్ఫెక్షన్ ఎందుకు మరల మరల వచ్చునో గృహిణులకు నేను ఇట్లు చెప్పుచుందును. పెరుగుగిన్నెలో అడుగున ఒక చెంచాడు పెరుగు మిగిలియుండగా కడుగకుండ గోరువెచ్చని పాలు పోసినచో ఏమగును? తెల్లవారుసరికి గిన్నెడు పెరుగగును. మిగిలినది చెంచాడే, కాని అదియే తోడు. మూత్రాశయమున మిగిలిపోయిన పాత మూత్రము అట్టి తోడే. మన ప్రేగులలో సహజముగా ఉండు ఇ-కోలై వంటి సూక్ష్మజీవులు మలద్వారము దగ్గరినుండి మూత్రమార్గమునకు ప్రాకుచునే ఉండును. ఆరోగ్యవంతులలో ప్రతిసారి మూత్రము పూర్తిగా వెడలిపోవుట వలన అవి కడుగబడును. మిగులు ఉన్నచోట అవి నిలద్రొక్కుకొనును. అనుకూలమైన వెచ్చదనమున ఇ-కోలై సుమారు 20 నిమిషములకొకసారి రెట్టింపు కాగలదు. గంటలు గడచినకొలది అది ఎంతగా పెరుగునో మీరే లెక్కించుకొనవచ్చును.

మరియొక సంగతి కూడ ఉన్నది. మూత్రాశయము అతిగా నిండి సాగినప్పుడు దాని గోడలోని రక్తప్రసారము తగ్గును. రక్తము చేరని చోట శరీరమునకు కాపుదల తగ్గును. అందుచేత లోపల పాతమూత్రము మిగులుట ఎంత దోషమో, మూత్రాశయము అతిగా నిండుట అంత దోషము.

యాంటీబయాటిక్ మందు గిన్నెలోని పెరుగును నశింపజేయును గాని గిన్నెను కడుగదు. మందు ఆపగానే మిగులు మరల తోడగును. "ఆపితే మళ్ళీ మొదలు" అను మాటకు అర్థమిదియే.

మన శాస్త్రము చెప్పిన మాట

గురుకులమున మేము త్రిమర్మీయ అధ్యాయము వల్లించునప్పుడు మా గురువుగారు ప్రతి ఏడు ఒకే ప్రశ్న అడుగుచుండిరి. శరీరమునందలి మర్మములలో హృదయమును, శిరస్సును ముఖ్యమనిన చరకుడు, వాని సరసన మూడవదానిగా వస్తినే ఏల నిలిపెను? ప్రాణమునకు ఆశ్రయములైన మూడింటిలో ఒకటిగా మూత్రాశయమును చెప్పుట మా చిన్నతనమున వింతగా తోచెడిది. వెన్నుపాము దెబ్బతిన్న రోగులను చూచిన తరువాత అందులో వింత లేదని తెలిసినది.

మూత్రమును, మలమును క్రిందికి నడపునది అపానవాయువు. అది దారి తప్పినప్పుడు మూత్రము నిలిచిపోవుటను సుశ్రుతుడు మూత్రాఘాతమను పేర ఉత్తరతంత్రమున పండ్రెండు భేదములుగా వివరించెను. మంటతో, బాధతో మూత్రము వెడలుటను మూత్రకృచ్ఛ్రమని వేరుగా చెప్పెను. ఈ భేదము మన ప్రస్తుత విషయమునకు మిక్కిలి ముఖ్యము. వెన్నుపాము రోగిది మూలమున మూత్రాఘాతము, అనగా నిలుపుదల. చీము, మంట, జ్వరము దాని వెంట వచ్చునవి. మూత్రకృచ్ఛ్రమునకు వాడు చలువమందులు మాత్రమే ఇచ్చి నిలుపుదలను విడిచిపెట్టిన వైద్యము సగము వైద్యమే.

"గొట్టము వేయుట మన పద్ధతి కాదు గదా" అని కొందరు పెద్దలు వెనుకాడుదురు. సుశ్రుతుడు సూత్రస్థానమున యంత్రములను వర్ణించుచు, మూత్రమార్గమును శుద్ధిచేయుటకు జాజిపూవు కాడ చివరంత లావుగల శలాకను ప్రత్యేకముగా పేర్కొనెను. కావున మూత్రమార్గమున సాధనమును ప్రవేశపెట్టుట మన శాస్త్రమునకు క్రొత్త కాదు, నిషిద్ధమును కాదు. నేటి మెత్తని గొట్టము ఆ శలాకకన్న ఎంతో సుఖమైనది.

ప్రాణములు నిలిపిన ఒక చిన్న మార్పు

ఇరువదవ శతాబ్దపు మొదటి సగము వరకు ప్రపంచమంతటను వెన్నుపాము తెగినవారు ఎక్కువకాలము జీవించెడివారు కారు. వారి ప్రాణములు తీసినది కాళ్ళ పక్షవాతము కాదు. పడకపుండ్లు, మూత్రమార్గమున పుట్టిన విషజ్వరము, తుదకు మూత్రపిండముల వైఫల్యము. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపాము రోగులకు ప్రత్యేక విభాగమును ప్రారంభించి, పడకలో ఒడలు మార్చుటకు, మూత్రాశయము వేళకు ఖాళీచేయుటకు కట్టుదిట్టమైన క్రమమును ఏర్పరచెను. మరణించుదురని వదలివేయబడినవారు బ్రతికి, పనులలో చేరి, చక్రాల కుర్చీలలో ఆటల పోటీలు కూడ ఆడిరి. 1948లో అక్కడ మొదలైన ఆ పోటీలే పిమ్మట పారాలింపిక్ క్రీడలకు బీజమైనవి.

అయితే గుట్‌మన్ పద్ధతిలో గొట్టము వేయుట వైద్యుల చేతులలో, శస్త్రచికిత్సకు తగిన శుద్ధితో జరుగవలసినది. ఇంటికి వెళ్ళిన రోగికి అది సాధ్యము కాదు. 1972లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన డాక్టర్ జాక్ లాపిడెస్ ఆ చిక్కును విప్పెను. సబ్బునీటితో చేతులు కడుగుకొని, శుభ్రమైన గొట్టముతో, రోగి తానే రోజునకు పలుమార్లు మూత్రము తీసివేసికొనవచ్చునని ఆయన ప్రకటించెను. పూర్తి క్రిమిరహితత్వము కన్న వేళ తప్పకుండుట ముఖ్యమని ఆయన వాదము. నాడు అనేకులు నమ్మలేదు. నేడు ప్రపంచమంతట వెన్నుపాము రోగులకు, చేతులు పనిచేయువారికి, మొదట సూచించు పద్ధతి ఇదియే.

మనకు చేరువలోని వేలూరులో ఈ జ్ఞానము పాదుకొన్న కథ కూడ తెలియదగినది. క్రిస్టియన్ మెడికల్ కళాశాలలో వైద్యురాలైన మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదమున నడుము క్రింద చచ్చుబడెను. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. తరువాత విదేశములలో పునరావాస వైద్యము నభ్యసించి వచ్చి, వేలూరులో ఆ విభాగమును నడిపెను. 1966లో అచ్చట పునరావాస కేంద్రము వెలసెను. నెల్లూరు, చిత్తూరు సీమలనుండి నేటికిని అనేకులు అచ్చటికి పోవుచున్నారు. మన ప్రాంతమువారికి తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో కూడ మూత్రవ్యాధుల నిపుణులు కలరు.

ఇంటిలో అనుసరింపవలసిన క్రమము

గొట్టము వేసికొను పద్ధతిని తప్పక మూత్రవ్యాధుల నిపుణుని వద్ద గాని, శిక్షణ పొందిన నర్సు వద్ద గాని కన్నులార చూచి నేర్చుకొనవలెను. ఇచ్చట వ్రాయునది నేర్చుకొన్నవారికి జ్ఞాపకము చేయుటకు మాత్రమే.

1. వేళలు: సాధారణముగా 4 మొదలు 6 గంటలకొకసారి. ఉదయము 6, 10, మధ్యాహ్నము 2, సాయంత్రము 6, రాత్రి 10 గంటలు అనునది మన ఇండ్లకు సరిపోవు క్రమము. ఒక్కసారికి తీసిన మూత్రము 500 మిల్లీలీటర్లు మించరాదు. మించుచున్నచో మరియొక వేళ చేర్చవలెను.

2. శుద్ధి: మొదట చేతులను సబ్బుతో మోచేతి దిగువవరకు కడుగుకొనవలెను. పిమ్మట మూత్రద్వారమును సబ్బునీటితో శుభ్రము చేయవలెను. స్త్రీలు ముందునుండి వెనుకకు మాత్రమే కడుగుకొనవలెను. వెనుకనుండి ముందునకు తుడిచినచో ప్రేగులలోని క్రిములను మనమే చేర్చినవారమగుదుము.

3. జారుడు: నీటిలో కరగు జెల్లీని మాత్రమే గొట్టమునకు రాయవలెను. కొబ్బరినూనె, ఆముదము వాడరాదు.

4. ప్రవేశము: మెల్లగా పోనీయవలెను. అడ్డు తగిలినచో బలవంతము చేయరాదు. మూత్రము ఆగిన తరువాత గొట్టమును ఒక్కసారిగా లాగక, కొంచెము కొంచెముగా వెనుకకు తీయుచు, మరల మూత్రము వచ్చినచో ఆగవలెను. అడుగు తోడు వెడలిపోవునది ఈ చివరి నిమిషములోనే. తొందరవలన చెడునదియు ఇదియే.

5. గొట్టము: ఇవి ఒకసారి వాడి పారవేయుటకు తయారైనవి. అంత వ్యయము భరింపజాలనివారు కడిగి తిరిగి వాడుట కలదు. ఏ విధముగా శుద్ధి చేయవలెనో, ఎన్నాళ్ళు వాడవచ్చునో మీ వైద్యుని అడిగి నిశ్చయించుకొనుడు. ఏమైనను, తడిగొట్టమును మూతపెట్టిన డబ్బాలో దాచరాదు. లోపల వెలుపల కడిగి, నీరు పూర్తిగా కారి ఆరిన తరువాతనే శుభ్రమైన డబ్బాలో ఉంచవలెను. ఒకరి గొట్టమును మరియొకరు ఎన్నటికిని వాడరాదు.

6. పుస్తకము: ఒక చిన్న నోటుపుస్తకములో తేది, వేళ, పరిమాణము, రంగు వ్రాసి ఉంచవలెను. వైద్యునకు నూరు మాటలకన్న ఈ పుస్తకము ఎక్కువ చెప్పును.

చేతులు కూడ పనిచేయనివారికి, మరికొందరికి, లోపలనే నిలిచియుండు గొట్టము అవసరమగును. అట్టివారి మూత్రపు సంచి ఎల్లప్పుడు మూత్రాశయముకన్న క్రిందుగా వ్రేలాడవలెను. నేలను తాకరాదు. గొట్టము మెలిపడరాదు. రోగిని మంచమునుండి కుర్చీకి మార్చునప్పుడు సంచిని అతని ఒడిలో పెట్టుట మన ఇండ్లలో సర్వసాధారణము. అప్పుడు సంచిలోని మూత్రము వెనుకకు మరలును. అది కూడదు. వైద్యుడు చెప్పిన గడువునకు గొట్టమును మార్పించవలెను.

పొత్తికడుపును పిడికిలితో నొక్కి మూత్రము తెప్పించుట కొన్ని ఇండ్లలో అలవాటు. ద్వారము బిగిసియున్నప్పుడు నొక్కినచో మూత్రము పైకి, మూత్రపిండములలోనికి పోవును. నిపుణుడు పరీక్షించి అనుమతింపనిదే ఈ పని చేయరాదు.

నీటి లెక్క

బట్టలు తడియునను భయమున నీరు మానుకొను రోగులు అనేకులు. పెండ్లికి పోవలెనన్న ముందురోజునుండియే దాహము చంపుకొను స్త్రీలను ఎరుగుదును. వారి సిగ్గును, బాధను కాదనలేము. కాని నీరు తగ్గినచో మూత్రము చిక్కనై, తోడు పులియుటకు వ్యవధి చిక్కును. రాళ్ళు కూడ ఏర్పడును. సాధారణముగా రోజునకు ఒకటిన్నర మొదలు 2 లీటర్ల వరకు ద్రవపదార్థములు అవసరము. మన నెల్లూరు సీమ వేసవిలో చెమటను బట్టి ఇంకను కావలసి వచ్చును. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు కలవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలతనే పాటించవలెను.

లెక్క సులభము. రోజునకు 1500 మిల్లీలీటర్ల మూత్రము వచ్చుచుండి, అయిదు వేళలు తీసినచో వేళకు 300 మిల్లీలీటర్లు. ఇది క్షేమమైన కొలత. ఒక్కసారిగా చెంబెడు త్రాగక, గంటగంటకు అరగ్లాసు చొప్పున త్రాగినచో ఈ లెక్క తప్పదు. రాత్రి భోజనము తరువాత తగ్గించవలెను. పగలంతయు కుర్చీలో కూర్చున్నవారి కాళ్ళలో చేరిన నీరు, పండుకొనగానే మూత్రముగా దిగును. కావున రాత్రి 10 గంటల వేళకు ముందు ఒక గంటసేపు కాళ్ళు ఎత్తుగా పెట్టుకొని పండుకొని, ఆ తరువాత మూత్రము తీసివేసికొన్నచో రాత్రి తడుపు తగ్గును.

మంట తెలియనివారికి గుర్తులు

ఒక తల్లి నాతో, "మంటా లేదు, నొప్పీ లేదు, మరి ఇదెట్టా వచ్చింది అయ్యా?" అనెను. స్పర్శజ్ఞానము పోయినవారికి మంట తెలియదు. శరీరము వేరొక భాషలో చెప్పును. ఆ భాష ఇంటివారు నేర్వవలెను:

చలితో కూడిన జ్వరము. రెండు వేళల నడుమ మునుపు లేని విధముగా మూత్రము కారుట. కాళ్ళు బిగిసి కొట్టుకొనుట హెచ్చుట. మూత్రమున రక్తము. ఆకలి మందగించి ఒడలు భారమగుట. నడుము పక్కల అసౌఖ్యము. వీనితో పాటు మూత్రము మడ్డిగా, దుర్గంధముగా ఉండుట.

జ్వరము, వణుకు, వాంతులు, మగత వీనిలో ఏది కనబడినను ఇంటివైద్యముతో ఒక్కపూట కూడ గడుపరాదు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మరియొక అపాయము కలదు. మెడభాగమున, లేక ఎదురురొమ్ము వెనుక పైభాగమున వెన్నుపాము దెబ్బతిన్నవారిలో, మూత్రాశయము అతిగా నిండినప్పుడు అకస్మాత్తుగా రక్తపోటు ప్రమాదకరముగా పెరుగవచ్చును. తల పగిలిపోవునంత నొప్పి, ముఖము ఎర్రబడుట, దెబ్బకు పైభాగమున చెమటలు దాని గుర్తులు. తక్షణమే రోగిని కూర్చుండబెట్టి, బిగుతైన బట్టలు, పట్టీలు వదులు చేసి, గొట్టము మెలిపడినదేమో చూచి, మూత్రమును తీసివేయవలెను. తగ్గనిచో క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. ఇది పక్షవాతమును, ప్రాణాపాయమును తెచ్చునట్టిది.

పరీక్షలో చీము కనబడినంతనే మందు వలదు

ఇది చదువరులకు వింతగా తోచవచ్చును. గొట్టము వాడువారి మూత్రమున సూక్ష్మజీవులు దాదాపు ఎల్లప్పుడు కనబడును. జ్వరము గాని, పైన చెప్పిన గుర్తులు గాని లేనప్పుడు, పరీక్షకాగితము చూచి యాంటీబయాటిక్ వాడరాదని నేటి వైద్యశాస్త్రపు నిర్ణయము. గర్భిణులు, మూత్రమార్గమున శస్త్రచికిత్సకు సిద్ధమగువారు దీనికి మినహాయింపు. ఊరకే వాడినచో బలహీనక్రిములు చచ్చి, మందునకు లొంగని మొండిక్రిములు నిలుచును. నిజముగా అవసరమైననాడు ఏ మందును పనిచేయదు.

గుర్తులు ఉన్నప్పుడు మందు తప్పక వాడవలెను. అయితే తొలి మాత్ర మ్రింగుటకు ముందే మూత్రమును కల్చర్ పరీక్షకు ఇచ్చి, ఏ మందునకు ఆ క్రిమి లొంగునో తెలిసికొనవలెను. పాత చీటీ చూపి దుకాణములో మాత్రలు కొనుట, రెండురోజులకు తగ్గినదని మానుట, ఈ రెండును రోగమును పెంచును.

మూలికలు, ఆహారము

ఇక మొదట అడిగిన ప్రశ్నకు వచ్చెదను. పల్లేరు, కొండపిండి, గలిజేరు, ధనియాలు, యవలు, అనగా బార్లీ, బూడిదగుమ్మడి, దోస మన వైద్యమున మూత్రలములుగా ప్రసిద్ధములు. వానితో మూత్రము విరివిగా వచ్చును, చలువ చేయును. అందుచేతనే జాగ్రత్త కూడ అవసరము. తూము తీయకుండ చెరువులోనికి నీరు వదలినచో కట్టకే ముప్పు. వేళకు ఖాళీచేయు క్రమము కుదిరిన తరువాతనే మూత్రలములు వాడవలెను. త్రాగిన కషాయమును నీటిలెక్కలో కలుపుకొనవలెను.

బార్లీనీరు: రెండు చెంచాల బార్లీ గింజలను కడిగి, లీటరు నీటిలో మెత్తబడువరకు కాచి వడకట్టి, ఆనాడే త్రాగివేయవలెను. ఇది అందరికి అనుకూలమైన పానీయము.

పల్లేరు కషాయము: ఎండిన పల్లేరుకాయల ముతకపొడి 10 గ్రాములు, నీరు 160 మిల్లీలీటర్లు. నాలుగవవంతు, అనగా 40 మిల్లీలీటర్లు మిగులునట్లు కాచి, వడకట్టి, ఉదయము ఒకసారి సేవించవచ్చును. మధుమేహమునకు, రక్తపోటునకు మందులు వాడువారు, గర్భిణులు, మూత్రపిండముల బలహీనత కలవారు వైద్యుని అడుగనిదే పుచ్చుకొనరాదు.

ఇవి పథ్యమునకు సహాయములే. జ్వరముతో కూడిన ఇన్ఫెక్షనును ఇవి నయము చేయునని నేను చెప్పను. చంద్రప్రభావటి, గోక్షురాది గుగ్గులు వంటి ఔషధములను కూడ వైద్యుడు నాడి, మూత్రపరీక్ష చూచి నిర్ణయించవలెను గాని, సొంతముగా కొని వాడరాదు.

మా గూడూరు నిమ్మకాయకు పెట్టినది పేరు గనుక దాని సంగతియు చెప్పెదను. నిమ్మరసము మూత్రమున సిట్రేటును పెంచి, సున్నపురాళ్ళు ఏర్పడకుండ కొంత తోడ్పడును. ఉప్పు, చక్కెర వేయక నీటిలో పిండుకొని త్రాగవచ్చును. అది క్రిములను చంపదు. ప్రోటియస్ అను క్రిమి మూత్రమును క్షారముగా మార్చి వేరుజాతి రాళ్ళను పుట్టించును. అవి నిమ్మరసమునకు కరగవు. అట్టివారు చలువకని క్షారపు సిరప్పులు త్రాగుట మరింత కీడు. విదేశపు క్రాన్‌బెర్రీ రసమునకు ఇటీవల ప్రచారము ఎక్కువైనది. మూత్రాశయము పూర్తిగా ఖాళీకాని ఇట్టి రోగులకు దానివలన చెప్పుకొనదగిన మేలు లేదని 2023లో కాక్రేన్ సమీక్ష తేల్చినది. దానికై ధనము వెచ్చింపనక్కరలేదు.

కొబ్బరినీరు మంచిదే గాని, మూత్రపిండములు చెడినవారికి అందలి పొటాషియము ప్రమాదము. గాడిదగడప ఆకును ఏ వ్యాధికిని లోపలికి పుచ్చుకొనరాదు. దానిలోని విషద్రవ్యము మూత్రపిండములను చెరచి క్యాన్సరును పుట్టించునని రుజువైనది. నొప్పిమాత్రలను దుకాణములో కొని దినదినము మ్రింగుటయు మూత్రపిండములకు ముప్పే.

మలబద్ధకము

మలాశయము గట్టిపడిన మలముతో నిండినచో అది మూత్రాశయమును నొక్కి ఖాళీకానీయదు. అపానవాయువు ఒక్కటే రెండు ద్వారములను నడుపునని శాస్త్రము చెప్పుట ఇందుకే. ప్రతిదినమో, దినము విడిచి దినమో, ఒకే వేళకు మలవిసర్జన జరుగునట్లు అలవాటు చేయవలెను. పీచుగల కూరలు, ముడిబియ్యము, పండ్లు, రాత్రి గోరువెచ్చని నీటితో త్రిఫలచూర్ణము చాలమందికి సరిపోవును. తీవ్రవిరేచనములు కూడదు. అదుపులేని విరేచనము మూత్రద్వారమును మలినపరచి క్రొత్త ఇన్ఫెక్షనును, పిరుదులపై పుండ్లను తెచ్చును.

ఏటేటా చేయించవలసినవి

ఇన్ఫెక్షన్ మాటిమాటికి వచ్చుచున్నచో కారణము వెదకవలెను. లోపల రాయి ఉన్నదా, మూత్రము మూత్రపిండములలోనికి తన్నుచున్నదా, మిగులు ఎంత అను విషయములు స్కానింగు వలన తెలియును. ఏ ఇబ్బంది లేకున్నను ఏడాదికొకసారి మూత్రపిండముల స్కానింగు, రక్తపరీక్ష చేయించుట మేలు. కండలు కరగినవారిలో క్రియాటినిన్ తక్కువగా కనబడి మోసపుచ్చవచ్చును గనుక ఆ ఒక్క అంకెను నమ్ముకొనరాదు. మూత్రాశయపు ఒత్తిడిని కొలుచు యూరోడైనమిక్ పరీక్షను ఒకసారియైన చేయించవలెను. ఒత్తిడి ఎక్కువైనవారికి దానిని తగ్గించు మాత్రలు, ఇంజెక్షన్లు నేడు కలవు. అవి వాడుచు మా మందులు కూడ వాడదలచినచో ఇద్దరు వైద్యులకును ఆ విషయము తెలియజేయవలెను.

చివరిగా ఇంటిపెద్దలకు ఒక మాట. చేతులు పనిచేయు రోగికి గొట్టము వేసికొనుట నేర్పి, గడియ వేసికొనుటకు వీలైన ఒక చోటు, చేతికందునట్లు నీరు, సబ్బు, అద్దము, ఒక గోడగడియారము సమకూర్చుడు. ఇతరులు చేయవలసి వచ్చినచో ఒక్కరి మీదనే ఆ భారము మోపక ఇద్దరు నేర్చుకొనుడు. ఆ ఒక్కరు జ్వరపడిననాడు, పుట్టింటికి వెళ్ళిననాడు వేళ తప్పును. తప్పిన ఆ వేళయే తోడగును.